ఎడమ జేబు

ఇమెరేతిలో మాకు కుంకుమపువ్వంటే
కారబంతి రేకులే.
నీడన ఆరబెట్టి, రోట్లో నూరి,
అక్రోటు పులుసులో చిటికెడు వేస్తే చాలు,
పక్కింటి కుక్క కూడా మా గుమ్మం ముందే పడుకుంటుంది.

ముప్పై ఒక్క ఏళ్లు జెస్తఫోని స్టేషన్లో
టికెట్లు చింపి ఇచ్చిన చేతులివి.
విత్తనాలెప్పుడూ నా రైల్వే కోటు
ఎడమ జేబులో ఉండేవి.
నల్లటి సూదిమొన, చివర గడ్డిరంగు కుచ్చు.
బొమ్మరింటికి ఎవరో చీపుళ్లు కట్టిచ్చినట్టు.

ఈ మార్చిలో కొక్కేనికి కోటు లేదు.
"ఇచ్చేశానత్తయ్యా," అంది మక్వాల
పిండి చేతులు దులుపుకుంటూ,
"చలికి వణుకుతున్నాడని, ఒతియాకి."

ఒతియాకి!
కంచె నాలుగు జానలు మావైపు జరిపాడని
తొమ్మిదేళ్లుగా నేను ముఖం చూడని ఒతియాకి.

చచ్చినా అడగను.
బజారులో పొట్లం కొన్నాను, పైన బొమ్మ బాగుంది.
పెరుగు డబ్బాల అడుగున మేకుతో చిల్లులు పొడిచి
మన్నూ ఇసుకా జల్లించి
గోరులోతున పడుకోబెట్టి
పొయ్యి పక్కన, చీకటి మూలలో పెట్టాను.
ఐదోరోజు లేచాయి,
విత్తు పొట్టును టోపీలా నెత్తిన మోస్తూ.
ఎనిమిదోరోజుకి
వెలుతురు కోసం సాగి సాగి
మొదట్లో నల్లబడి
ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి.
తొందర నాదే.
లైను ఖాళీ కాకముందే పచ్చజెండా ఊపితే
ఏమవుతుందో నాకు తెలియదా?

మే మొదటివారం, చలి ఆఖరి మాట కూడా అయిపోయాక,
పొగరు దిగమింగి వాడి గడప ఎక్కాను.
అంత ఎండలోనూ కోటు ఒంటిమీదే ఉంది,
నేను తోమిన ఇత్తడి గుండీలతో సహా.
"ఎడమ జేబులో..." అన్నాను.
"ఆ ఎలుక పెంటికలా?
కంచె దగ్గర దులిపేశాను.
మీవైపే అనుకుంటా."

ఇద్దరం వెళ్లాం, ఎడంగా నడుస్తూ.

వాడి కోళ్లు సగం గెలికేశాయి.
మిగిలినవి సరిగ్గా గుంజలు పాతిన గీత మీద,
ఎవరూ ఒక చెంబు నీళ్లు పొయ్యని మట్టిలో
ఈకల్లాంటి ఆకులేసుకుని
బెత్తెడెత్తున నిలబడి ఉన్నాయి.
నా లెక్కకి నలభై రెండు.
వాడి లెక్కకి నలభై.
ఇంకో తొమ్మిదేళ్లకి సరిపడా గొడవ.

ఒక ఆకు నలిపాను.
ఘాటు, చేదు, అడుగున ఎక్కడో నిమ్మతొక్క.
వాసన నా వేళ్లను దాటి అతని దాకా పోయింది.
"మా అమ్మ చేతులు," అన్నాడు.
తర్వాత కోడిని అదిలించడానికి వెళ్లాడు.
అక్కడ కోడి లేదు.

జూన్లో తొలిమొగ్గలు గిల్లాలి.
గిల్లితేనే పక్కకొమ్మలు, గిల్లితేనే గుబురు.
అతనికది పాపంలా తోచింది.
"ఆ ఒక్కటీ వదిలెయ్, లమ్జీరా" అని
పసివాడిలా బతిమాలాడు.
వదిలేశాను.
అదొక్కటే బారుగా పెరిగి
ఒక్క పువ్వు పూసి
జూలై గాలికి నడుం విరిగింది.
నేనేమీ అనలేదు.
అనకుండా ఉండటానికి
ఆ సాయంత్రం రెండు మళ్ల కలుపు తీశాను.

ఇప్పుడు అక్టోబరు.
ఇటుకెరుపు రేకులు, అంచున పసుపు జరీ.
ద్రాక్షపందిరి నీడలో
అటొక దుప్పటి, ఇటొక దుప్పటి పరిచాం.
గాలి వీస్తే ఎవరి రేకులెవరివో దేవుడికే తెలియాలి.
కొలిచే టేపు తెస్తానంటాడు, తేడు.
నేనూ గుర్తు చెయ్యను.
అయినా ఆ నాలుగు జానలూ మావే,
ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఎండిన కాడలు విరిచి, విత్తనాలు రాల్చి,
ఈసారెక్కడ దాద్దామంది మక్వాల.
కోటు ఇంకా అతని దగ్గరే ఉంది.
ఎడమ జేబుకి చిల్లు పడిందట.

సూదీ నల్లదారం పట్టుకుని బయల్దేరాను.